కుర్చీ వెనక సంచి

అమ్మకు,

నీ చిటపట రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు, ఆకలి మామూలే, కోపమూ మామూలే. అక్కడ నువ్వు, నీ మోకాలు, తమ్ముడు, కుట్టుమిషను అత్త, వీధి వీధంతా కులాసాగా ఉన్నారనుకుంటాను.

ముందే ఒక మాట, ఇక్కడి నుంచి రెండు పేరాలు మనసులోనే చదువుకో. నా ఉత్తరం రాగానే నువ్వు గుమ్మంలో కూర్చుని వీధికంతా చదివి వినిపిస్తావని నాకు తెలుసు. చదువు, నాకేం అభ్యంతరం లేదు. కానీ మధ్యలో ఒకచోట అడ్డంగా గీత గీశాను. అక్కడికి రాగానే ఒక దగ్గు దగ్గి, అయిపోయిందని మడిచెయ్యి. గీత కిందిది నీ ఒక్కదానికే. మిషను అత్త మెడ సాచి చూస్తుంది, కాగితం గుండెకు ఆనించి పట్టుకో.

కిందటి ఉత్తరంలో నువ్వు అడిగినవి మూడు. వేళకు తింటున్నావా, మన అర్జీ ఏమైంది, నోరు అదుపులో పెట్టుకుంటున్నావా. మొదటి రెండింటికీ గీత పైన జవాబు ఉంది.

తింటున్నాను. క్యాంటీన్‌లో చట్టసభ సభ్యులకు ఒక గది, మాలాంటి సిబ్బందికి ఒక గది. వంటవాడు ఒకడే, గరిటె మాత్రం వేరు. మా గరిటె చిన్నది. మొదట్లో పోట్లాడాను. ఇప్పుడు నన్ను చూడగానే వాడు తనంతట తానే రెండోసారి వేస్తాడు, తలెత్తకుండా.

ఉత్తరాలెందుకు, ఫోను చెయ్యొచ్చు కదా అని తమ్ముడు విసుక్కుంటున్నాడట. వాడికి చెప్పు, ఫోన్లో మనిద్దరం ఒకేసారి అరుస్తాం, అయ్యాక ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ గుర్తుండదు. కాగితం మీదైతే అరవడానికి కొంచెం టైం పడుతుంది. పైగా ఫోనంటేనే నాకు మంట. మొన్న కూడా ఎవడో రాంగ్ నంబరు చేసి నన్ను బాబూ బాబూ అని పిలిచాడు. వాడికి దొడ్లో బర్రెను అమ్మాలట, నాకు బర్రె వద్దు అన్నాను, నువ్వు భలే బేరగాడివి బాబూ అన్నాడు. నాన్న పోలిక తమ్ముడికి పోయింది, నీ బొంగురు గొంతు మాత్రం మక్కికి మక్కి నాకు వచ్చింది. పంపకం సరిగ్గా జరగలేదు.

ఇక నా పని. దేశం మొత్తానికి చట్టాలు చేసే సభలో పని అంటే నువ్వు వీధిలో చాలా గొప్పగా చెప్పుకుంటున్నావని అత్త రాసింది. కాస్త తగ్గించు. మాది వినతుల విభాగం. జెనరేటరు గది పక్కన, నేలకింద. గోడకు చెయ్యి ఆనిస్తే వణుకుతుంది. జనం పంపే అర్జీలన్నీ అక్కడికి వస్తాయి. నేను కట్లు విప్పుతాను, ముద్ర వేస్తాను, మళ్ళీ కట్లు కడతాను. పదో తరగతితో ఆపేసిన దానికి ఇంతకంటే ఏమిస్తారులే అనుకునేదాన్ని. తర్వాత చూస్తే, పక్క కుర్చీలో రెండు డిగ్రీలున్న గుమాస్తా కూడా అవే కట్లు విప్పి అవే కట్లు కడుతున్నాడు. అప్పటినుంచి మనసు కుదుటపడింది.

ఏమేం వస్తాయనుకున్నావు? ఒకాయన తన వీధిలో సాయంత్రం ఎండ తొందరగా పోతోంది, ఎదురింటి మేడ ఒక అంతస్తు తీయించమని రాస్తాడు. ఒకావిడ బస్సు కండక్టర్లు నవ్వాలని చట్టం చెయ్యమంటుంది. ఒక తాతయ్య ఉన్నాడు, వారం వారం రాస్తాడు. తన వినతులకు జవాబు రావడం లేదన్నదే ఆయన వినతి. అది పరిశీలనలో ఉన్నదని మేము జవాబు పంపుతాం. ఇంత అన్యాయమా అని మళ్ళీ రాస్తాడు. ఆయన చేతిరాత చూస్తేనే నాకు కడుపు నిండుతుంది, నాలాంటివాడు ఇంకొకడు ఉన్నాడని.

సభలో ఈ అర్జీలు ఇచ్చే పద్ధతి ఒకటుంది. అధ్యక్షుడి కుర్చీ వెనక కొక్కేనికి ఒక దళసరి గుడ్డసంచి వేలాడుతుంది. ఎప్పటిదో, ఎవరూ మార్చరు, ఉతకరు. సభ్యుడు లేచి ఒక్క వాక్యంలో ఫలానా ఊరివాళ్ళ మొర అని చెప్పి, నడుచుకుంటూ వచ్చి ఆ సంచిలో వేసిపోతాడు. ఉపన్యాసం ఇవ్వకూడదు. ఆ వేళకి కుర్చీ వెనక నిలబడి సంచి మూతి తెరిచి పట్టుకోవడం నా ఉద్యోగం. కుర్చీ ఎంత ఎత్తంటే, ముందున్నవాళ్ళకు నేను ఉన్నట్టే తెలియదు. సంచి తనంతట తానే నోరు తెరుచుకుందనుకుంటారు.

మన అర్జీ కూడా అందులోనే పడింది, నా కళ్ళముందే. మన ప్రాంతపు సభ్యుడు ఉన్నాడు చూడు, మేమందరం ఆయన్ని ఆవులింతలాయన అంటాం. లేచాడు, మన ఊరి పేరు సగం చెప్పాడు, మిగతా సగం ఆవులింతలో పోయింది. నడిచొచ్చి జేబులోంచి తీసి వేశాడు. అర్జీతోపాటు చాక్లెట్ కాగితం ఒకటి, పెళ్ళిపిలుపు ఒకటి కూడా పడ్డాయి. పెళ్ళిపిలుపు తిరిగి ఇచ్చేశాం. చాక్లెట్ కాగితం ఫైల్లో ఉంది. సంచిలో పడ్డ ఏ కాగితాన్నీ పారేయకూడదని రూలు.

కాబట్టి అత్తకు చెప్పు. రైలు గేటు దగ్గర కాలివంతెన కట్టించమని మీరంతా వేలిముద్రలూ సంతకాలూ పెట్టిన కాగితం భద్రంగా ఉంది. మిల్లు వేళకి గూడ్సు అడ్డంగా నిలబడుతుందనీ, ఆలస్యమైతే లోపలికి రానివ్వరు కాబట్టి పెట్టెల కింద నుంచి పాకి పోతున్నారనీ రాసిన చోట ఎవరిదో కన్నీటిచుక్కో నూనెచుక్కో పడి ఉంది. మిషను అత్త కాబట్టి నూనె అనే అనుకుంటాను. పాకుతుండగా బండి కదిలి, ఆవిడ కాలు పోగొట్టుకోబోయిన రోజు నేనింకా మరిచిపోలేదు. ఆవిడ జోకులేస్తుంది, నేను మరిచిపోలేదు.

అందరికీ నమస్కారాలు. చిన్నపిల్లలకు ముద్దులు.

―――――――――――

దగ్గావా? మడిచావా? అయితే ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకో.

మూడో ప్రశ్నకు జవాబు. లేదమ్మా. నోరు అదుపులో లేదు. నేను చేసిన పని చెబుతాను, చదవడం అయ్యేదాకా నన్ను తిట్టకు.

సమావేశాల ఆఖరి రోజు సాయంత్రం ఒక మామూలు తంతు ఉంటుంది. అధ్యక్షుడు ఒక వరస తీర్మానాలు ఊపిరి తీసుకోకుండా చదివేస్తాడు. అవుననేవారు అవుననండి అంటాడు, నలుగురు గొణుగుతారు. కాదనేవారు కాదనండి అంటాడు, ఆ మాట పూర్తికాకముందే ఆమోదించడమైనది అంటాడు. సభ్యులప్పటికే సామాన్లు కార్లలో పెట్టేసి క్యాంటీన్‌లో ఉంటారు. ఆ వరసలో ఒకటి ఏమిటో తెలుసా? ఈ సమావేశాల్లో జవాబు రాని వినతులన్నీ పరిష్కారమైనట్టుగా భావించడమైనది. అంతే. ఏడాది పొడవునా కట్టిన కట్లన్నీ అటక మీదకి. ఇదివరకోసారి మీరు పంపిన మొదటి అర్జీ అలాగే పోయిందని నాకు ఆ రోజే అర్థమైంది. నువ్వు ఇన్నాళ్ళూ పోస్టుమాన్‌ను తిట్టావు. పాపం, ఆయన తప్పేం లేదు.

ఖాళీ సంచి పట్టుకుని కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. అది వింటుంటే నీ మోకాలు కళ్ళముందుకొచ్చింది. గూడ్సు కింద నుంచి లేచి, చీరకంటిన గ్రీజు దులుపుకుంటూ, ఏమీ జరగనట్టు మిల్లుకేసి నడిచిపోతావే, అది. కాదనేవారు కాదనండి అన్నాడు అధ్యక్షుడు. ఎప్పుడూ ఆగని మనిషి, ఆ రోజు నీళ్ళు తాగడానికి ఆగాడు.

నేను అన్నాను. అరవలేదు. ఇంట్లో, తలుపు కొట్టింది తమ్ముడేనా అని నువ్వడిగితే ఎలా అంటానో అలా, మామూలుగా "కాదు" అన్నాను.

గ్లాసు అక్కడే ఆగిపోయింది. సభలో ఒక్క గొంతు కాదన్నా తలలు లెక్కపెట్టి తీరాలి, అది రూలు. గంటలు మోగాయి. క్యాంటీన్ నుంచి అందరూ మూతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. ఒకాయన చేతిలో చెంచా అలాగే ఉంది. దేని మీద ఓటింగో ఒక్కడికీ తెలియదు. ఏ పార్టీవాడు ఆ పార్టీ పెద్దని అడుగుతాడు, పెద్ద ఇంకో పెద్దని అడుగుతాడు. అవుననేవాళ్ళు కుడి గుమ్మంలోంచి, కాదనేవాళ్ళు ఎడమ గుమ్మంలోంచి బయటికి నడవాలి, అదీ ఇక్కడ ఓటు వేసే పద్ధతి. ఎడమ గుమ్మం తెరిస్తే ఎదురుగా కార్లు. ఇళ్ళకు పోయే తొందరలో ఉన్నారు కదా, రెండు పార్టీల నుంచీ సగానికి పైగా ఎడమ గుమ్మంలోంచే పోయారు. తీర్మానం ఓడిపోయింది. వినతులన్నీ బతికాయి.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. మొదట కాదన్న సభ్యుడి పేరు చిట్టాలో ఎక్కాలట. ఎవరూ పలకరు. వెనక గోడంతా చెక్క, నా గొంతు దానికి తగిలి ఎడమవైపు మూలకు పోయిందట, అధ్యక్షుడు అటు చూశాడు. ఆ మూల బెంచీలో ఓటింగుకి కూడా లేవకుండా ఒకే ఒక్క మనిషి నిద్రపోతున్నాడు. మన ఆవులింతలాయన.

కుడి గుమ్మంలోంచి తిరిగొచ్చినవాళ్ళూ, సిబ్బందీ చూసేసరికి మేలుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన అటూ ఇటూ చూసి, కళ్ళు నులుముకుని, తాపీగా నిలబడ్డాడు.

"నేనే అధ్యక్షా," అన్నాడు. "ప్రజల కోసం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో కాదు నాలిక చివరికొచ్చింది. అప్పుడే మా దండం సారు నా మోచెయ్యి పట్టుకున్నాడు. మా విభాగానికి పెద్ద ఆయన, తలుపులకు కూడా వంగి దండం పెట్టే మనిషి. మెల్లగా నన్ను, సంచిని కలిపి కిందికి తీసుకుపోయాడు. గదిలోకి వెళ్ళాక, నా ముఖం చూడకుండా ముద్రలు సర్దుతూ చెప్పాడు. సభ్యుడు కాని మనిషి గొంతు అని తేలితే ఆ ఓటింగే చెల్లదట. చెల్లకపోతే కట్లన్నీ మళ్ళీ అటక మీదకే. నా ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి నా బల్ల మీద గొంతు బిళ్ళల పొట్లం ఉంది.

"సంచి పట్టుకునేవాళ్ళకు గొంతు ఉండకూడదమ్మా," అన్నాడు దండం సారు, పొట్లం చూపిస్తూ. "ఉంటే దాచుకోవాలి."

అమ్మా, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. పేపర్లన్నిటిలో ఆయన ఫోటో. ఒకదాంట్లో అయితే కళ్ళు తెరిచి ఉన్న ఫోటో, ఎక్కడ సంపాదించారో. నా ఎదురుగానే గుమాస్తా ఆ పేపరు బిగ్గరగా చదివి, మగాడంటే వాడు, ఆ బొంగురు గొంతులోనే తెలిసిపోయింది అన్నాడు. రెండు బిళ్ళలు ఒకేసారి నోట్లో వేసుకున్నాను.

మొన్న ఆయనే మా నేలకింద గదికి వచ్చాడు. కాదన్న సభ్యుడు ఆ వినతుల వెంట తిరిగి, సభకు నివేదిక ఇవ్వాలట, అదీ ఇక్కడి ఆనవాయితీ. చిన్నపిల్లాడిలా నిలబడి, ఇంతకీ నేను దేన్ని కాదన్నానమ్మాయ్ అని అడిగాడు. నిద్రలో మాట్లాడే అలవాటు తనకు ఉందనీ, వాళ్ళావిడ ఎప్పుడూ అంటుందనీ కూడా చెప్పాడు. అబద్ధమాడటం లేదమ్మా. తనే అన్నానని నిజంగా నమ్మేశాడు. చిట్టచివరికి దేశంలో ఒక్కడు దొరికాడు తిట్టడానికి, వాడేమో అమాయకుడు.

కట్లన్నీ ఆయన ముందు పెట్టాను. అన్నిటికంటే పైన మనది పెట్టాను. చాక్లెట్ కాగితంతో సహా.

వచ్చే వారం మన గేటు చూడటానికి వస్తున్నాడు. వీధిలో సభ పెడతారు, దండ వేయమని నిన్నే అడుగుతారు, అర్జీలో మొదటి పేరు నీదే కాబట్టి. వెయ్యి. ఆయన మైకు పట్టుకుని, ఆ రోజు సభలో కాదన్నది నేనే అంటాడు. అప్పుడు నీ నోట్లోకి ఏ మాట వస్తుందో నాకు తెలుసు, ఆ మాట నాకు నేర్పిందే నువ్వు. మింగెయ్. ఆ సభలో కదిలింది నా నోరే గానీ, వినబడింది నీ గొంతు. మనిద్దరికీ తెలుసు, చాలు. గొంతు బిళ్ళలు ఇందులో పెట్టి పంపుతున్నాను, దండ వేసే ముందు ఒకటి చప్పరించు.

సభ అయ్యాక మాత్రం ఆయన్ని వదలకు. గూడ్సు నిలబడే వేళకి గేటు దగ్గరకు తీసుకెళ్ళు. దాటనివ్వకు, పెట్టె పక్కన కూర్చోబెట్టి కిందకు వంగి చూడమను, అంతే. నువ్వు రోజూ పాకే చోటు చూపించు. ఇంజను కూత పెట్టేదాకా అలాగే ఉంచు. అక్కడ వంగి ఆవులించడం ఎవరి తరమూ కాదు. అప్పుడు మెల్లగా అడుగు, వంతెన ఎందుకు, మనుషులు దాటడానికి ఇది మంచి దారే కదా బాబూ అని.

ఆయన "కాదు" అంటాడు. ఈసారి మెలకువగా ఉండి, తన గొంతుతోనే అంటాడు.

ఇట్లు,
నోరు కట్టేసుకుని కూర్చున్న నీ కూతురు,
చిటపట