క్లారా తమ్ముడు

రిస్ట్‌బాఖ్, జర్మనీ
12-9-1999

ప్రియమైన మీకు,

క్షేమంగా చేరాను. మా సిడ్నీ కంపెనీ నన్ను పంపిన ఈ ఊళ్ళో జనం మూడువందల తొంభైమంది. కింద మోసెల్ నది, పైన నిట్టనిలువు కొండంతా ద్రాక్షతోటలే. మేయర్‌కి జీతం లేదు. పగలంతా తోటపని చేసుకుని, సాయంత్రం మట్టిబూట్లతోనే వచ్చి ఊరి ఆఫీసు తెరుస్తాడు. ఇంగ్లీషు కాస్త వచ్చు.

నా పని కంప్యూటర్లో జనాభా లెక్క సరిచేయడం. సంవత్సరానికి చివరి రెండంకెలే వేశారు. ఇలాగే వదిలేస్తే 2000 జనవరి ఒకటిన 00 పడి, 1912లో పుట్టిన ఎనభై ఏడేళ్ళ క్లారా ఇంకా పుట్టనట్టే! పుట్టినతేదీ సరిచూద్దామని పిలిపించాను. నాది సిడ్నీ అని మేయర్ చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది. తమ్ముడు యోజెఫ్ హార్ట్‌విగ్ 1955లో అక్కడికే వెళ్ళాడట. తండ్రి పోయాడని 1961లో రాస్తే జవాబైనా ఇవ్వలేదట.

"ఎందుకు అలిగాడో అడుగు," అంది.

ఫోన్‌బుక్ చూస్తారా?

మీ
వసుంధర

గిరావీన్, సిడ్నీ
26-9-1999

ప్రియమైన వసూ,

హార్ట్‌విగ్‌లు పద్నాలుగుమంది దొరికారు. తొమ్మిదో ఫోను బ్లాక్‌టౌన్‌లో మేవిస్ అనే పెద్దావిడ ఎత్తింది. "జో మా ఆయనే. ఈ ఆర్వో ఇంటికి రా," అంది. మధ్యాహ్నం కాగానే వెళ్ళాను.

యోజెఫ్ 1961 మార్చిలోనే ట్రాక్టరు బోల్తాపడి పోయాడు వసూ. పెళ్ళై ఏడాదైనా కాలేదు. ఆవిడకి జర్మన్ ఒక్క ముక్క రాదు. తర్వాత అక్కయ్య దగ్గర్నుంచి ఆరు ఉత్తరాలు వచ్చాయట. చదవలేక దాచేసింది.

"ఎవర్నీ అడక్క ఊరుకున్నా, తప్పే. ఏం రాసిందో ఇప్పుడైనా తెలుస్తుందా?" అంది.

కాపీలు పంపుతున్నాను. క్లారాకి నువ్వే చెప్పాలి. ఎలా చెబుతావో!

నీ
విఠల్

రిస్ట్‌బాఖ్
8-10-1999

ప్రియమైన మీకు,

ద్రాక్షకోత నడుస్తోంది. క్లారా కొండకింద కూర్చుని గుత్తుల్లో కుళ్ళిన కాయలు ఏరుతోంది. మేయర్‌ని తోడు తీసుకెళ్ళి చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

ఇంకో గుత్తి అందుకుని, "మార్చిలోనా? నాన్న పోయింది మేలో," అంది. "అయితే వాడు అలగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు నేనే అలిగాను."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి మేయర్ రెండుసార్లు ఆగాడు.

సాయంత్రం ఆఫీసులో కాపీలు చదివింది. మేయర్ చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. కారుతున్న కప్పు, ఈనిన ఆవు, నాన్న చివరిరోజులు... అన్నీ తమ్ముడికి చెప్పుకున్న కబుర్లే. ఆరోది మాత్రం మడిచి జేబులో పెట్టుకుంది.

"ఇందులో వాణ్ణి నానా తిట్లూ తిట్టాను. ఆవిడకి వద్దు."

గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కాగితం నా ముందు పెట్టింది.

"ఇదీ రాయి. వాడికోసం అంతగా ఎదురుచూశానని ఆవిడకైనా తెలియాలి."

ఆరూ పంపుతున్నాను. మేవిస్ ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని, మెల్లగా చదివి వినిపించండి.

మీ
వసుంధర