లప్పం కింద

స్పియర్‌ఫిష్, సౌత్ డకోటా
బుధవారం, 7 ఆగస్టు 1974

ప్రియమైన తమ్ముడు వెర్లిన్‌కి,

ప్రియమైన అని చేతి అలవాటు కొద్దీ వచ్చింది, పొంగిపోకు. ఫోన్ చేస్తే నీ గొంతు వినాలి కదా, అందుకే రాస్తున్నాను.

ఆదివారం మోటారుసైకిళ్ళ జాతరలో నేనూ ఉన్నాను. నా షెడ్డులోంచి ఎత్తుకెళ్ళిన ఫ్రేముకి ఇంజనూ చక్రాలూ తగిలించి, ఎర్రరంగు పూసి, మొదటి బహుమతి కొట్టేశావు. "అంతా సొంతంగా చేశావా?" అని మైకులో అడిగితే, "ప్రతి అతుకూ ఈ చేతులదే" అన్నావు. సిగ్గు లేదూ? నువ్వు వెల్డింగ్ చేస్తే గేటు కూడా నిలబడదని నాన్న తిట్టేవాడు. అయినా ఆడపిల్లకెందుకని తన వెల్డింగ్ షాపు నీకే రాశాడు. అది మింగాను. ఇది మింగను.

"నడుపుకుంటూ రావడం చేతకాక ట్రాలీ మీద తెచ్చాడ్రా, పెళ్ళికూతుర్ని దింపినట్టు" అని పక్కవాళ్ళు ఎగతాళి చేశారు. నీకు రోషం పొడుచుకొచ్చింది. "వచ్చే ఆదివారం దీని మీదే కొండలన్నీ చుట్టొస్తా, చూస్తూ ఉండండి" అన్నావు.

హ్యాండిల్ దూరే మెడ దగ్గర, కొలత చూసుకోవడానికి, నేను నాలుగు చుక్కల వెల్డింగ్ మాత్రమే పెట్టాను. పూర్తి వెల్డింగ్ చెయ్యనే లేదు. పనివాడివైతే లప్పం పెట్టేముందు చూసేవాడివి. గట్టి గుంత తగిలితే మెడ ఊడి చేతికొస్తుంది.

ఈ సంగతి ఆదివారమే చెప్పి ఉండొచ్చు. మూడు రోజులు నోరు మూసుకున్నాను. పడితే పడనీ అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, వెర్లిన్. నమ్మకపోతే గీకి చూడు.

నీ మొహం చూడాలని లేని
అక్క, లోర్నా


శుక్రవారం

అక్కా,

తలుపు ఎంత బాదినా పలకలేదు. ఇది గుమ్మంలో పెట్టి పోతున్నాను. నీ ఉత్తరం ఇప్పుడే అందింది. గీకి చూడటానికి బండి నా దగ్గర లేదు. నిన్న పొద్దున్నే అమ్మేశాను. నెబ్రాస్కా ఆయన, పేరు ఎల్మర్ అన్నాడు. పెళ్ళాన్ని వెనకాల ఎక్కించుకుని వెళ్ళాడు. రెండు రోజులు కొండలు తిరిగి ఇంటికి పోతామన్నారు. ఆవిడ నాకు చెయ్యి ఊపింది.

నా గొంతు వినడం అంత కష్టమా? ఈ ఉత్తరం రాసిన రోజు ఫోన్ చేసుంటే, బండి ఇంకా నా దగ్గరే ఉంది. సరే, నిన్ను అనడానికి నాకు మొహం లేదు.

పోలీసులకి చెప్పాను. నేను దక్షిణం దారిన పోతున్నా. ఇది చూడగానే నువ్వు పడమటి దారి పట్టు. ఎర్రబండి కనబడితే అడ్డం పడైనా ఆపు.

నువ్వు కోరుకున్నది ఒప్పుకుంటున్నాను. ఆ బండి నేనొక్కణ్ణే చెయ్యలేదు. ఇద్దరం చేశాం.

వెర్లిన్