ఏడో నంబరు స్లాటులో కారుతున్న కారు

పెందుర్తి

ఫ్లాట్ 204 దీనా గారికి, అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ శ్రీరామ్మూర్తి నమస్కరించి రాయునది.

వాట్సాప్ గ్రూపులో తిట్టుకోవడం ఎక్కువై, ఇకపై ఫిర్యాదులన్నీ కాగితం మీదే ఉండాలని కమిటీ తీర్మానించిన సంగతి తమరికి తెలుసు. ఆ ప్రకారం ఇది మొదటి ఫిర్యాదు. ఏడో నంబరు స్లాటులో తమరి పాత ఫియట్ కింద ఇంజనాయిలు నల్లగా మడుగు కట్టింది. కొత్త టైల్స్ పాడవుతున్నాయి. తక్షణం బాగు చేయించగలరు, లేదా బండిని తరలించగలరు.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి, ఫ్లాట్ 302
(స్టీల్ ప్లాంట్ రోలింగ్ మిల్లు, రిటైర్డ్)

తా.క.: ముందు "దీనా గారి కారు కారుచున్నది" అని రాసిచ్చాను. టైపింగ్ షాపువాళ్లు అది తప్పనుకుని "దీనా గారు కారుచున్నారు" అని దిద్దారు. అందుకే చేత్తో రాస్తున్నాను.

*

సెక్రటరీ గారికి, దీనా నమస్కారాలు.

ఏటండీ, పొద్దున్న మెట్ల మీద ఎదురుపడి కూడా నోటితో చెప్పకుండా ఉత్తరం చేతిలో పెట్టారు? సరే, రూలు రూలే.

పోర్టులో క్రేన్ నడిపిన మా నాన్న విజయరత్నం గారు కొన్న బండి అది. నాకు తెలిసి ఇన్నేళ్లలో ఒక్క చుక్క కార్చి ఎరగదు. చెల్లెలి ఆపరేషనుకని వెళ్లి వేసవంతా సాలూరులో ఉండిపోయాను. వచ్చాక బండి తీసి బీచికెళ్లి తిరిగొచ్చేసరికి ఈ కారడం. వన్‌టౌన్ మెకానిక్ జమీర్ భాయ్ చూసి, "ఇంజను దింపాలమ్మా, ఆయిలు ఆపే సీళ్లన్నీ మార్చాల" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైన దాన్ని. రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా కోత పెట్టనివ్వను. ముందు గాయం కడగాలి. రేపు కడుగుతాను.

ఉంటాను,
దీనా

తా.క.: ఆ మరక తొక్కింది మాత్రం మీరే. మెట్ల మీద నల్లటి అడుగులు సరిగ్గా 302 గుమ్మం దాకా ఉన్నాయి.

*

ఫ్లాట్ 204 దీనా గారికి, సెక్రటరీ నమస్కారాలు.

ఇది రెండో ఫిర్యాదు. నిన్న తమరు ఇంజనుని డీజిల్‌తో కడిగారు. ఆ వాసన లిఫ్టు గుండా ఐదో అంతస్తుకి ఎక్కింది. ఎవరో "మంటలు!" అని అరిచారు. 103 వారు టీవీని ఎత్తుకుని, అత్తగారిని మరిచిపోయి రోడ్డు మీదికి పరుగెత్తారు. ఆ అత్తగారు ఇంకా ఎవరితోనూ మాట్లాడటం లేదు. దీనికి బాధ్యులు తమరే.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క.: బాల్కనీ నుంచి చూశాను. ఇంజను వెనకవైపు మీ బ్రష్ అందడం లేదు. పాలసీసాలు కడిగే బ్రష్ అయితే అందుతుంది. ఇది ఫిర్యాదులో భాగం కాదు.

*

సెక్రటరీ గారూ, నమస్తే.

అత్తగారికి స్వయంగా క్షమాపణ చెప్పాను. ఆవిడ కోపం నా మీద కాదుట, టీవీ మీదట.

పొద్దున్న మా గుమ్మం ముందు పాలసీసా బ్రష్ ఒకటి కనిపించింది. ఎవరు పెట్టారో గానీ వాళ్ల కడుపు చల్లగుండ, ఇంజను అద్దంలా తేలింది. రేపు దాని మీద పౌడరు చల్లి, కాసేపు స్టార్టు చేసి ఉంచుతాను. తెలుపు మీద నూనె ఎక్కడ పుట్టిందో ఇట్టే తెలిసిపోతుంది. ముందే చెబుతున్నాను, గాబరా పడకండి.

దీనా

తా.క.: మల్లెపూల వాసన పౌడరే కొన్నాను. ఈసారి వాసన మీద ఉత్తరం రాయక్కర్లేదు.

*

దీనా గారికి,

తమరి ఉత్తరం నేను చదివాను. మిగతావాళ్లు చదవలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏడో స్లాటు చుట్టూ తెల్లటి పొడి, గుప్పుమని మల్లెల వాసన. చేతబడి అని ఆడవాళ్లు తేల్చేశారు. వాచ్‌మన్ దాలయ్య నిమ్మకాయ పట్టుకుని దూరం నుంచి తొంగి చూశాడు. కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. "ఓలమ్మో! దీనమ్మని కారు మింగేసినాదిరో!" అని వాడు పెట్టిన కేకకి అందరం దిగాం. కాళ్లు పట్టి లాగినవాళ్లలో నేనూ ఉన్నాను, మన్నించాలి. తల నిండా పౌడరుతో తమరు లేచి "ఏటయ్యింది?" అనేసరికి దాలయ్య విరుచుకు పడిపోయాడు.

ఫలితం: ఆదివారం సమావేశం. ఆలోగా కారడం ఆగకపోతే ఫియట్‌ని గేటు బయట పెట్టించాలని కమిటీ నిర్ణయం. నాకు ఇష్టం లేకపోయినా తెలియజేస్తున్నాను.

శ్రీరామ్మూర్తి

తా.క.: నీళ్లు చల్లి తనని బతికించింది మీరేనని దాలయ్య గేటు దగ్గర అందరికీ చెబుతున్నాడు. చంపబోయిందీ ఆవిడేనని 103 అత్తగారు సరిచేస్తున్నారు.

*

సెక్రటరీ గారూ,

మీరు లాగిన క్షణంలోనే నాకు నూనె కనిపించింది. ఒకచోట కాదు. కింద నుంచి చూస్తే ఇంజను ముందు, వెనక, లేచి బానెట్‌లో చూస్తే పైన టాపెట్ మూత దగ్గర, మూడు చోట్లా ఒకేసారి చెమర్చింది. జమీర్ భాయ్ చెప్పిందే నిజమేమో. కానీ పేషెంటుకి మూడు కుట్లూ ఒకే పూట విప్పుకోవు సార్, లోపల బీపీ పెరిగితే తప్ప. ఇంజనుకి బీపీ ఎందుకు పెరిగిందో నాకు అంతుబట్టడం లేదు.

తమ్ముడు జాక్సన్ ఫోన్ చేసి, "బండిని అమ్మీ అక్కా, ఇనప ముక్క కోసం ఏడుపేటి?" అన్నాడు. సోమవారం కొనేవాళ్లని తెస్తాడట. మా నాన్న డ్యూటీ దిగి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా ఆ బానెట్‌ని ఓసారి తట్టేవారు. ఇవాళ నేనూ తట్టాను. ఇంకేం రాయలేను.

దీనా

తా.క.: మీరంతా లాగినప్పుడు నా కుడికాలి చెప్పు పోయింది. దొరికితే ఫిర్యాదు రాయండి.

*

దీనా గారూ,

ఇది ఫిర్యాదు కాదు. నంబరు కూడా వేయలేదు.

బీపీ అన్నారు చూడండి, ఆ మాట చదివాక నాకు కుదురు లేదు. మిల్లులో ఓసారి గేరుబాక్సు ఒకటి అన్ని సీళ్ల దగ్గరా నూనె కక్కింది. సీళ్లు మార్చాం, కక్కింది. మళ్లీ మార్చాం, మళ్లీ కక్కింది. చివరికి చూస్తే దాని ఊపిరి గొట్టం, బ్రీదర్ అంటాం, దుమ్ముతో పూడుకుపోయి ఉంది. లోపలి వేడిగాలి బయటికి పోయే దారిలేక, దొరికిన ప్రతి సందులోంచీ నూనెను తోసేసింది. మీ ఫియట్‌కీ అలాంటి గొట్టం ఉండాలి. చూడండి.

మా ఇంజనీర్ల గుంపు అంతా కలిసి వారాల తరబడి పట్టుకోలేనిదాన్ని మీరు పౌడరు డబ్బాతో సగం పట్టేశారు. అమ్మకండి.

శ్రీరామ్మూర్తి

తా.క.: చెప్పు దాలయ్య దగ్గరుంది. మహిమగలదట, ఇవ్వనంటున్నాడు.

*

శ్రీరామ్మూర్తి గారూ,

మీ ఉత్తరం మెట్ల మీదే చదివేసి కిందికి పరుగెత్తాను. గొట్టంలోకి తీగ దూర్చితే దిగలేదు. విప్పి చూస్తే కుమ్మరిపురుగు, అదే, మట్టిగూళ్లు కట్టే కందిరీగ! నేను ఊళ్లో లేని వేసవిలో మట్టి తెచ్చి, గది మీద గది కట్టి, గొట్టాన్ని నిండా మెత్తేసింది. మన బిల్డరు కట్టినదానికన్నా గట్టిగా ఉందండీ.

గొట్టం శుభ్రంగా కడిగి బిగించాం. టాపెట్ మూత కింద గ్యాస్కెట్ ఒక్కటే చిరిగింది, జమీర్ భాయ్ కొత్తది వేశాడు. ఇంజను దింపే పని తప్పిందని నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. మళ్లీ పౌడరు చల్లి నడిపాను. మల్లెపూవులా ఉంది.

అయినా ఎత్తు ఎక్కితేగానీ నేను నమ్మను. రేపు పొద్దున్నే సింహాచలం కొండ ఎక్కిద్దాం, మీరు సాక్షి. అప్పన్నని మీరు చూసుకోండి, ఇంజన్ని నేను చూసుకుంటాను.

దీనా

తా.క.: తెల్లపంచె కట్టుకు రాకండి. నాకు బండి మీద నమ్మకం ఉంది గానీ, అంత లేదు.

*

పెందుర్తి, ఆదివారం

గౌరవనీయులైన సెక్రటరీ దీనా గారికి, ఫ్లాట్ 302 శ్రీరామ్మూర్తి నమస్కరించి రాయునది.

పై సంబోధనలో పొరపాటు లేదు. ఇవాళ తమరు చర్చికి వెళ్లినప్పుడు సమావేశం జరిగింది. కొండ మలుపుల్లో ఫియట్ ఎలా ఎక్కిందో, ప్రతి గేరులో మీరు దాని శ్వాస ఎలా విన్నారో, పైన దాని కింద పరిచిన తెల్లకాగితం ఎలా తెల్లగానే ఉండిపోయిందో చెప్పాను.

అప్పుడు 103 అత్తగారు లేచారు. "నా బాత్రూం సీలింగు కారి కారి పాచి పట్టింది. ఒక్క మగాడు నిచ్చెన ఎక్కాడా? కారు కింద దూరిన మనిషే మనకి సెక్రటరీగా కావాల" అన్నారు. చేతులన్నీ లేచాయి. అందరికన్నా ముందు లేచింది నాది. ఓటు లేకపోయినా దాలయ్య రెండు చేతులూ ఎత్తాడు. సంఘం స్టాంపు, టెర్రస్ తాళాలు దీంతో పంపుతున్నాను. కాదనకండి.

ఇక కొత్త సెక్రటరీ గారికి మొదటి ఫిర్యాదు. కంచరపాలెంలో ఓ షెడ్డులో మూలుగుతున్న పాత అంబాసిడర్‌ని ఒకాయన ఇవాళ మధ్యాహ్నం కొని, తోయించుకుని వచ్చి నాలుగో స్లాటులో పెట్టాడు. అది నాలుగు వైపులా కారుతోంది. సదరు యజమానిపై కఠిన చర్య తీసుకోగలరు. వీలైతే పాత చీర కట్టుకుని రాగలరు.

ఇట్లు,
సదరు యజమాని,
శ్రీరామ్మూర్తి

తా.క.: ఆ బండి ఎవరిదో మా ఆవిడకి ఇంకా తెలీదు. దాన్ని తక్షణం రోడ్డు మీదికి గెంటించాలని ఆవిడ రాసిన ఫిర్యాదు కూడా తమరికి ఈ సాయంత్రమే అందుతుంది. దయచేసి ముందు నాది చదవండి.