రెండోసారి తాడు లాగిన చెయ్యి

జనవరి 18, 1988. హొక్కైడో

బ్రేక్ పెడల్ మునిగిపోయింది. మా కంపెనీ కొత్త కారుని చలి పరీక్షకి జపాన్ ఉత్తరపు కొసకి తెచ్చాం. పొద్దున మొదటి మలుపులో తొక్కితే కాలికింద ఏమీ తగల్లేదు, నేల దాకా పోయింది. మంచుగట్టు ఆపింది కాబట్టి ఇది రాస్తున్నాను. బండిని బయటికి లాగి మళ్ళీ తొక్కాను. రాయిలా గట్టిగా ఉంది. సాయంత్రం దాకా అంతే. ఈ బ్రేక్ డిజైన్ చేసింది నేనే.

జనవరి 19

రోజంతా తొక్కాను. ఏమీ లేదు. విరిగిపోయి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

జనవరి 26

ఇల్లు చేరాను. ఆఫీసులో కురమోచి గారు క్యాన్ కాఫీ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. మా డిజైన్ విభాగానికి పెద్ద. నా పెళ్ళికి మధ్యవర్తి కూడా ఆయనే. పెళ్ళిపీట దగ్గర మా పక్కన కూర్చుని నాలో లేని సుగుణాలన్నీ ఏకరువు పెట్టారు. ఒరే సెగావా, మంచులో నీ బూటు జారి ఉంటుందిరా, నీకు తప్ప ఎవరికీ కనబడని దెయ్యం అది అన్నారు. అప్పటికే అందరి బల్లలూ తిరిగొచ్చారు. మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరి చేతా తల ఊపించుకోవడం మా పద్ధతి. ఊపినవాడు తర్వాత మీటింగ్‌లో నోరు విప్పితే వాణ్ణి ఇక మనిషిగా చూడరు.

కాఫీ వేడిగా ఉంది. తల ఊపాను.

జనవరి 28

మీటింగ్ టీ చల్లారేలోపే అయిపోయింది. కొత్త కారు తయారీకి అందరూ ముద్ర వేశారు. నేనూ వేశాను.

ఫిబ్రవరి 3

గింజలు విసిరి ఇంట్లోంచి దెయ్యాల్ని తరిమే పండగ. వేయించిన సోయా గింజలతో మా ఆవిడ చిజురు సిద్ధం. ఏడో నెల, కడుపు అడ్డం వస్తున్నా గురి మాత్రం తప్పదు. ఎర్ర దెయ్యం ముసుగు నాకు తగిలించి, దెయ్యం బయటికి, అదృష్టం లోపలికి అని అరుస్తూ ముఖం మీదే కొట్టింది. పడీపడీ నవ్వింది. చాలాసేపటికి, ముసుగు తియ్యరేమండీ, అన్నం తినరా అంది. తీస్తే నా ముఖం చూస్తుందని భయం.

ఫస్ట్ లాట్‌లో తెల్ల బండి ఒకటి మాకే. కురమోచి గారు చెప్పిపెట్టారు. పాపాయిని ఆస్పత్రి నుంచి అందులోనే తెచ్చుకుందాం అంటోంది చిజురు.

ఫిబ్రవరి 21

కారణం దొరికింది. చిజురు రబ్బరు గ్లవ్స్ బాల్కనీలో మర్చిపోయింది. పొద్దున చూస్తే చెక్కముక్కల్లా ఉన్నాయి. స్టవ్ దగ్గర పెట్టగానే మెత్తబడ్డాయి. హొక్కైడోలో షెడ్డు నిండిపోయిందని నా బండిని ముందురోజు రాత్రి బయటే వదిలేశారు! బ్రేక్ లోపలి రబ్బరు చలికి బిగుసుకుపోయి మొదటి తొక్కుకి పట్టు వదిలేసింది. కాస్త కదిలాక సర్దుకుంది. ఆ మర్నాటి రాత్రి నుంచి బండి షెడ్డులోనే ఉంది, ఇంకెలా కనబడుతుంది?

పరుగున వెళ్ళి కురమోచి గారికి చెప్పాను. గ్లవ్స్ కథ చెప్పి ప్రొడక్షన్ లైన్ ప్రారంభం ఆపమంటావా, పూజారిని పిలిచాం, ప్రెసిడెంట్ వస్తున్నారు, నీ పెళ్ళిలో నీకు పూచీ ఉన్నవాణ్ణిరా, నా పరువు తీస్తావా అన్నారు. మళ్ళీ పరీక్షకి నన్ను ఉత్తరానికి పంపడం కుదరదట.

మార్చి 7

లైన్ ప్రారంభం. పూజారి మంత్రాలు చదివి తెల్లకాగితాల కర్ర ఆడించాడు. మొదటి బండి కదిలింది.

లైన్ పొడుగునా తలపైన తాడు ఉంటుంది. తప్పు కనబడితే ఎవరైనా లాగొచ్చు. లాగితే లైన్ ఆగి, పిల్లల పాట ఒకటి మోగుతుంది. పైఅధికారి వచ్చి చూసి, రెండోసారి లాగితే మళ్ళీ కదులుతుంది. వర్కర్లు రోజూ లాగుతారు, లాగినవాడికి థాంక్స్ చెబుతారు. సూటు వేసుకున్న ఇంజనీర్ లాగడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

లాగాను.

ప్రెసిడెంట్ ముందు పిల్లల పాట మోగింది. కురమోచి గారు పరుగెత్తుకొచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. నా కళ్ళలోకి చూస్తూ చెయ్యి పైకెత్తి రెండోసారి లాగారు. లైన్ కదిలింది. ఆయన మాత్రం తాడు వెంటనే వదల్లేదు.

మార్చి 9

నా బల్ల కిటికీ పక్కకి, పనికిరానివాళ్ళని కూర్చోబెట్టే చోటికి మార్చారు. ఫోన్ లేదు, పని లేదు, పలకరించేవాళ్ళు లేరు. చిజురుకి అంతా చెప్పేశాను. కచ్చితంగా తెలుసా అని ఒక్కటే అడిగింది. తెలీదన్నాను. అయితే ఆస్పత్రి నుంచి బస్సులో వస్తాంలెండి అంది.

మార్చి 13

కురమోచి గారు మూడు రోజులుగా రావడం లేదు. ఇన్నేళ్ళలో ఆయన సెలవు పెట్టడం ఎవరూ ఎరగరు. బల్ల మీద ఒక్క కాగితం లేదు. ఆయన భార్య ఫోన్ చేసి చిజురు దగ్గర ఏడ్చారట. మొదటి బండి తీసుకుని, మందపాటి కోటు వేసుకుని, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారట. ఏమైనా చేసుకున్నారేమో. ఆ తాడు నేను లాగకపోయి ఉంటే?

మార్చి 15, పొద్దున

ఫోన్. హొక్కైడో నుంచి ఆయనే. రోజూ రాత్రి బండి బయటే పెట్టారట. నిన్నటిదాకా ఏమీ లేదట. ఇవాళ మొదటి మలుపులో, మునిగిపోయిందిరా సెగావా అన్నారు. చెయ్యి విరిగిందట. ఏ చెయ్యండీ అని పిచ్చిప్రశ్న వేశాను. రెండోసారి తాడు లాగిందే, దానికి ఆ శాస్తి జరగాల్సిందేలే అని నవ్వబోయి దగ్గారు. ప్లాంటుకి నేను ఫోన్ చేస్తాను, తాడు మాత్రం నువ్వే లాగు అన్నారు.

మార్చి 15, సాయంత్రం

లాగాను. రెండోసారి ఎవరూ లాగలేదు. ఆ పాట ఇంకా మోగుతూనే ఉంది.

మొదటి లోడ్ బండ్లు నిన్ననే ఉత్తరానికి వెళ్ళిపోయాయట. అక్కడ ఈ రాత్రి చలి పెరుగుతుందని రేడియోలో చెప్పారు.