చుక్క చేరని గది

ప్రియమైన అక్కకి,

ఇక్కడ ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకున్నారు. ఇక మనకి ఉత్తరాలే దిక్కు. పాత బ్యాటరీలు కరిగించే పని. కార్ఖానా వెనకే పడక, పదిహేను రోజులకోసారి గేటు పాసు. నాలుక మీద ఎప్పుడూ ఇనప రుచి, కడుపులో మెలిపెట్టే నొప్పి. తాగే నీళ్లలో సీసముందేమోనని ఆడవాళ్లం గొడవ చేస్తే, మేనేజరు మీ ల్యాబు గాజుబిళ్లలు తెప్పించాడు. సీసముంటే ఎర్రబడతాయట. ఒక్కటీ ఎర్రబడలేదు. "ఇవి మా అక్క చేసినవే" అని అందరి దగ్గరా గొప్పలు పోయాను. ఇంతకీ మోటారు లేకుండా నీళ్లు ఆ బిళ్ల లోపలికి ఎలా పాకుతాయి?

నీ పిచ్చుక

పిచ్చుకా, బంగారం,

మోటారెందుకే? బిళ్లలో వెంట్రుకంత కాలువ ఉంటుంది. ఒక కొసన చుక్క వేస్తాం. రెండో కొస గాలికి తెరిచి ఉంటుంది. అక్కడ నీరు ఆరిపోతుంటే, ఆ ఖాళీ నింపడానికి వెనకున్న నీరు జరుగుతుంది. ఆరడమే లాగడం. దారిలో మందు పూసిన మచ్చ ఉంటుంది, సీసం అక్కడ పట్టుబడుతుంది. పది నిమిషాలు చాలని లెక్క కట్టింది నేనే, వాడే పద్ధతి కాగితం రాసిందీ నేనే. పొగరనుకోకు. అవునుగానీ, మీరు ఏ గదిలో పరీక్ష చేశారు?

అక్క

అక్కా,

బ్యాటరీల్లోంచి తీసిన ప్లేట్లు కడిగే వేడి తొట్ల పక్క గదిలో. ఆవిరికి గోడలు చెమర్చి కారుతుంటాయి. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. గడియారం చూసి, పది నిమిషాలకి బిళ్లలు తీసి డబ్బాలో పడేశారు. ఎందుకడిగావు? పక్క మంచం ఆవిడకి, నేను వదినా అని పిలుస్తాను, నాలుగో నెలలో కడుపు పోయింది. పని ఎక్కువుందని ఈ నెల గేటు పాసులు ఆపేశారు. కిటికీ ఊచల మధ్య నుంచి రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ కూర్చుంటున్నాం. త్వరగా రాయి.

పిచ్చుక

చెల్లికి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ల్యాబులో ఊపిరాడని పని. అమ్మ కంటి ఆపరేషను బాగా జరిగింది. నీళ్లు కాచి తాగండి. ఒళ్లు జాగ్రత్త.

అక్క

పిచ్చుకా,

రెండు నెలలుగా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. దీన్ని మాత్రం చివరిదాకా చదువు.

ఆరని గదిలో చుక్క కదలదు. గోడలు కారుతున్నాయని నువ్వు రాసిన రోజే నాకర్థమైంది. పది నిమిషాలకి నీరు మచ్చ దాకా చేరనే లేదు. అక్కడ గంట పడుతుంది. మా పెద్దసారుకి చెప్పాను. ఆయన తలుపు వేసి, "నీ చెల్లెలి గురించే కదా బాధ? తనొక్కదాన్నే రప్పించుకో. బిళ్ల తప్పని బయట నోరు జారితే, నువ్వు సంతకం పెట్టిన పద్ధతి కాగితం తీసి, తప్పు నీదేనని చూపాల్సొస్తుంది" అన్నారు. తల వంచుకుని బయటికొచ్చాను. రోజూ అదే బల్ల దగ్గర అవే బిళ్లలు పెట్టెల్లో సర్దాను. కాస్తే సీసం పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. తెలిసే అలా రాశాను, ఏదో ఒకటి రాయాలి కనుక. నిన్న ఆరోగ్యశాఖకి అంతా రాసి, కింద సంతకం చేసి ఇచ్చాను. ఉద్యోగం పోయింది. నన్ను తిట్టు, కానీ ఆ నీళ్లు ముట్టుకోకు.

నీ అక్క

అక్కకి,

నువ్వు రాసింది నాకు కొత్త కాదు. "కాచి తాగండి" అన్న నీ ఉత్తరం రాకముందే, ఇంకోసారి పరీక్ష చేసినప్పుడు ఎవరో కిటికీలో మరిచిపోయిన బిళ్ల గంట తర్వాత ఎర్రగా కనిపించింది. పట్టుకెళ్లి మేనేజరుకి చూపించాం. "టైము దాటాక రంగు మారితే లెక్కలోకి రాదు, ఇదిగో, కాగితంలోనే ఉంది" అని చదివి వినిపించాడు. నీ కాగితమే. అందరూ నా మొహం చూశారు. "మా అక్క రాస్తుంది, ఆగండి" అన్నాను. ఆగారు. నీ ఉత్తరం వచ్చింది. ఎవరికీ చూపించలేక దిండు కింద పెట్టుకున్నాను. అక్కడ వేరే నీళ్లు లేవు. అవే తాగాం.

మంగళవారం అధికారులొచ్చి గేటు తీయించారు. ముప్ఫై ఒక్క మందికి రక్తపరీక్ష చేశారు. అందరిలోనూ సీసం ఉంది. మందులతో తగ్గుతుందన్నారు. నీ సంతకం వల్లే గేటు తెరుచుకుందని మా ఆడవాళ్లందరికీ చెప్పాను. నీకు రెండు నెలల ముందే తెలుసన్నది మాత్రం చెప్పలేదు.

పక్క మంచం వదిన వాళ్లింట్లో ఉంటున్నాను. నన్ను తీసుకెళ్లడానికి రాకు. పగేం లేదు. నీ ఎదురుగా కూర్చుని, నువ్విచ్చిన గ్లాసుడు మంచినీళ్లు తాగగలనో లేదో నాకే తెలియడం లేదు.

పిచ్చుక