శంఖం వయసు

కోవిల్‌పట్టి,
2 మార్చి 2004.

విరుదునగర్‌లో మేడ కట్టుకుని చల్లగా కూర్చున్న రామకృష్ణన్ బావకు, మామ కూతురు దేవిప్రియ దండం పెట్టి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కయ్యా పిల్లలూ అక్కడ కులాసాగా ఉండాలి. ఈ ఉత్తరం చదివాక నువ్వు కులాసాగా ఉండకపోతే మాత్రం నాకేం బాధ లేదు.

అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది. నాగలాపురం పక్కన మన ఊళ్ళో వానల్లేక నల్లరేగడి ఈ ఏడు కూడా నెర్రెలు విచ్చింది. మొన్న మీ అమ్మ, మా మేనత్త కమలం, ఇక్కడికి వచ్చింది. ఈ పంగుని నెల పొంగలికి జక్కమ్మ గుడిలో మొదటి మర్యాద మళ్ళీ నీదేనట, పట్టు పంచె కూడా కొన్నావట. అబ్బో!

ఊళ్ళోకి ఎవరి వంశం ముందు వచ్చిందో వాళ్ళకే మొదట మాల వేసి కుంకుమ పళ్ళెం అందిస్తారు. తాతల నాటి నుంచి ఆ పళ్ళెం మా నాన్న వంశానిదే. తొంభై ఆరులో సమాధులు బాగుచేయించాలని మీ మూలపురుషుడి మట్టి, మా మూలపురుషుడి మట్టి తవ్వారు. మీవాళ్ళు పోయినవాడి పక్కన చావుకు ఊదిన శంఖం పెడతారు. మావాళ్ళు మాడ్చిన సజ్జల కుండ పెడతారు. కాలేజీలో సైన్సు చెప్పే గొప్పవాడివి కదా, రెండూ నువ్వే పట్టుకెళ్ళి వయసు తేల్చే కార్బన్ పరీక్ష చేయించావు. సజ్జలకు ఐదువందల యాభై ఏళ్ళు, శంఖానికి ఎనిమిది వందలు అని తెచ్చావు.

పొంగలి రోజు నాన్న చేతికి వచ్చిన పళ్ళెం ఊరందరి ముందూ లాక్కున్నావు. సైన్సు అబద్దం సెప్పదు మామా, ఎనక్కి పోయి నిలబడు అన్నావు. స్వయానా తోడబుట్టినవాడికి అంత అవమానం జరుగుతుంటే మేనత్త నీ పక్కనే నిలబడింది. పొంగలి పొయ్యికి నిప్పు రాజేసి, తనవాళ్ళను గుడి లోపల నిలబడనివ్వరు కనుక ఎప్పట్లాగే గోడ అవతలకు వెళ్ళి నిలబడ్డ సంగిలే పరుగెత్తుకొచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ తరవాత నాన్న పొంగలికి గడప దాటలేదు. రెండువేలలో పోయాడు. పాడె మొయ్యడానికి నువ్వూ వచ్చావు. నీకు అప్పుడు దండమే పెట్టాను.

నేను ఆ పరీక్షల చదువే చదివి ఆ పనిలోనే చేరింది ఎందుకనుకున్నావు? చెబుతాను, విను. సజ్జ మొక్క గాలి పీల్చి పెరుగుతుంది. అందులోని కర్బనం ఆ ఏటిదే. శంఖం లోపలి పురుగు సముద్రపు నీళ్ళలోని కర్బనంతో గుల్ల కట్టుకుంటుంది. ఆ నీళ్ళు లోతుల్లో తరాల తరబడి నిలవ ఉండి పైకి వస్తాయి, వాటి కర్బనం పాతబడి ఉంటుంది. అందుకే అప్పుడే పట్టిన శంఖం కూడా వందల ఏళ్ళ ముసలిదానిలా లెక్కకు వస్తుంది. ఎంత తీసెయ్యాలో తేల్చడానికి, ఏ ఏడు పట్టారో రాసిపెట్టిన తూత్తుకుడి పాత శంఖాలను పరీక్ష చేశాను. మన తీరంలో సుమారు నాలుగువందల ఏళ్ళు తీసెయ్యాలి. ఇప్పుడు చెప్పు బావా, మీ మూలపురుషుడి వయసెంత? నాలుగువందలు. మావాడి కన్నా చిన్నవాడు!

తెలియక జరిగిందని మాత్రం అనకు. ఆ రోజు పరీక్ష చేసిన పెద్దాయన నాకు చెప్పాడు. సముద్రపు వస్తువు, సవరించాలి అని ఆయన ఫోన్లో నీకు చెబితే, వద్దండీ ఉన్నదున్నట్టే ఇవ్వండి అన్నావట. అది విన్న రోజు నేను అన్నం తినలేదు. ఏడుపు రాలేదు, పళ్ళు మాత్రం పటపట కొరికాను.

పొంగలి రోజు గుడి ముందు మైకు పట్టుకుని ఈ వయసుల లెక్కంతా చెబుతాను. ఆ పెద్దాయన కూడా వస్తున్నాడు. నువ్వు తప్పకుండా రావాలి. రాకపోతే నీ ఫోన్ మాట కూడా మైకులోనే చెబుతాను, నీ కాలేజీ వాళ్ళను కూడా పిలుస్తాను. మేనత్తను జాగ్రత్తగా తీసుకురా, ఆమెకు కుర్చీ వేయిస్తాను.

ఇట్లు,
నువ్వు వెనక్కి నెట్టినవాడి కూతురు,
దేవిప్రియ

తా.క. పళ్ళెం మళ్ళీ మా ఇంటికి వస్తుందని కుళ్ళుకుంటున్నావేమో, ఆగు. పోయినేడు రోడ్డు వేస్తూ సంగిలి వాళ్ళ మూలపురుషుడి సమాధి దిబ్బ తవ్వేశారు. అందులోనూ మాడిన సజ్జలు దొరికాయి. సంగిలి గుడ్డలో మూటకట్టి తెచ్చి, మమ్మల్ని కూడా సూడమ్మా అన్నాడు. చూశాను. ఏడువందల ఏళ్ళు. సజ్జలు కాబట్టి తీసెయ్యాల్సిందేమీ లేదు. మన పరువు కూడా పోతుంది కదే అని అమ్మ తిట్టింది. పోనీ అన్నాను. ఊరి పెద్దలకు మూడు వయసులూ చెప్పేశాను, సంగిలికి కూడా చెప్పాను. పంగుని పొంగలి నాడు గోడ లోపల, జక్కమ్మ ఎదురుగా మొదట నిలబడేది అతనే. అతని వెనక మేము. మా వెనక నువ్వు, పట్టు పంచె కట్టుకుని.