చూసి పోయింది

విశ్రాంత నివాసాల ఆఫీసులో ఇళ్ళు కేటాయించే గుమస్తా గారికి,

అయ్యా, నమస్కారం.

నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైనవాణ్ణి. వీధిలో ఏ బోర్డు చూసినా ముందు తప్పు కనబడుతుంది, తర్వాతే కొట్టు కనబడుతుంది. మీ కరపత్రం మొదటి పుటలో ‘వృద్ధుల కోపం ప్రత్యేకంగా కట్టిన ఇళ్ళు’ అని వేశారు. ‘కోసం’ అని ఉండాలి. మా ఇంట్లో ఉన్న కోపానికి మేముంటున్న గదులు చాలు, వేరే కట్టించక్కర్లేదు.

అసలు సంగతికి వస్తాను. మాకు పిల్లలు లేరు. ఉంటున్నది మూడో అంతస్తులో అద్దె ఇల్లు, మెట్లు మోకాళ్ళ ప్రాణం తీస్తున్నాయి. అందుకని మీ దగ్గర ఇల్లు కొందామనుకున్నాం. మా ఆవిడ మంగళవారం మీ నివాసాలు చూసి పోయింది. ఇక మిగిలిన భారమంతా నా నెత్తిన పడింది. ఆవిడ భోజనాల హాలు పక్కనున్న ఇల్లు కావాలంది. ఆ మాట ఇక లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. నాకు తోట చివర, గోడ వారగా ఉన్న ఇల్లు కావాలి. జీవితమంతా అచ్చుయంత్రాల రొదలో గడిపాను. ఇక నన్నెవరూ పలకరించకపోతే అదే పదివేలు.

ఇట్లు,
ప్రూఫ్ రీడరు

తా.క. ఉత్తరంలో ప్రతి మాటా ఆచితూచి వాడాలి. ఒక మాటకి రెండర్థాలు రాకూడదు. మా వృత్తిలో మేం నేర్చుకున్నది ఇదే.

*

ప్రూఫ్ రీడరు గారికి,

నమస్కారం.

మీ ఉత్తరం చదివాక చాలాసేపు పని చెయ్యలేకపోయాను. పిన్నిగారు పోయారంటే నమ్మబుద్ధి కావడం లేదు. మంగళవారం నాతో నవ్వుతూ మాట్లాడి వెళ్ళారు. ఇంత తొందరగా అవుతుందనుకోలేదు. భోజనాల హాల్లో అందరికీ చెప్పాను. ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు.

హాలు పక్కనున్న ఇల్లు మీ ఒక్కరి పేర రాసి ఉంచాను. ఒక్కరికి సరిగ్గా సరిపోతుంది. తోట చివరి ఇల్లు ఇప్పుడు మీకు మంచిది కాదు, నా మాట వినండి. గుండె దిటవు చేసుకోండి. వేళకి తినండి.

ఇట్లు,
కేటాయింపు గుమస్తా

తా.క. నేను అయ్యను కాను, అమ్మను. కరపత్రంలో ‘కోపం’ సంగతి మా మేనేజరు గారికి చూపించాను. ఆయన భోజనాల హాలు వైపు ఒకసారి చూసి, అలాగే ఉండనీ అన్నారు.

*

కేటాయింపు గుమస్తా గారికి,

అమ్మా,

‘చూసి పోయింది’ అంటే వచ్చి, చూసి, తిరిగి ఇంటికి వెళ్ళిందని. వాన వచ్చి పోయిందంటే వానకి సంతాపం చెబుతామా? పాలవాడు వచ్చి పోయాడంటే పాలవాడి పెళ్ళాన్ని ఓదారుస్తామా?

మీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే, పోయినావిడ నా పక్కనే కూర్చుని విన్నది. నవ్వీ నవ్వీ దగ్గు తెర వచ్చి గోడకి చేరగిలబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ‘ఇంత తొందరగా అవుతుందనుకోలేదు’ అని రాశారు. మరి ఎప్పటికి అవుతుందనుకున్నారు? ఒక్క మంగళవారం చూసిన మనిషి మీకు పిన్ని ఎలా అయింది? ఈ రెంటికీ నాకు సంజాయిషీ కావాలి.

ఇల్లు ఇద్దరికి కావాలి. అదీ తోట చివరే కావాలి. ఆవిడకి ఈ మధ్య జాకెట్లన్నీ వదులైపోయాయి. ఆ టైలరుకి చేతకాక ఊరికే తిప్పుకుంటున్నాడు. ఆ తిరుగుడుతోనే మనిషి అలిసిపోతోంది. కాబట్టి ఆవిడకి కావలసింది కూడా ప్రశాంతతే. ఆ సంగతి ఆవిడకి తెలియదు, నాకు తెలుసు.

ఇట్లు,
భార్య ఉన్న ప్రూఫ్ రీడరు

తా.క. అమ్మాయీ, ఈయన కవరు అంటించడానికి జిగురు సీసా వెతుకుతున్నారు. దాన్ని నేనే దాచాను. ఆ సందులో ఇది రాస్తున్నా. నేను బతికే ఉన్నాను, కంగారుపడకు. నా సంతాపం నా చెవులతో నేనే విన్నాను, ఎంతమందికి దొరుకుతుంది ఆ భాగ్యం. ఇంకాస్త పొగిడినా తప్పులేదు. ఇల్లు మాత్రం మనం అనుకున్నదే ఉంచు. జాగర్త. ఇట్లు, చూసి పోయినావిడ.

*

ప్రూఫ్ రీడరు గారికి,

క్షమించండి. నా తెలుగు అంతంతమాత్రం. చిన్నప్పుడు వ్యాకరణం క్లాసులో కిటికీ పక్కన కూర్చునేదాన్ని. ‘ఇంత తొందరగా’ అనేది సంతాపం చెప్పేటప్పుడు అందరూ రాసే మాటే కదా, చెయ్యి దానంతటదే రాసేసింది. పెద్దవాళ్ళెవరినైనా పిన్నిగారనడం నాకు నోటి అలవాటు. పిన్నిగారు క్షేమంగా ఉన్నారని తెలిసి మనసు కుదుటపడింది.

తోట చివరి ఇంటి సంగతి చెప్పాలి. దాని కప్పు కారుతోంది. బాగుచెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. హాలు పక్కనున్న ఇల్లయితే ఇద్దరూ సర్దుకోవచ్చు. దాని ఎదురింట్లో రిటైరైన బస్సు కండక్టరు గారున్నారు. పొద్దున్నే మీ కిటికీ ముందు బెంచీ మీద కూర్చుని అందరికీ వినబడేలా పేపరు చదువుతారు. చదువు తక్కువ, గొంతు ఎక్కువ. నిన్న ‘మంత్రివర్గ విస్తరణ’ని ‘మంత్రివర్గ విస్తరాకు’ అని చదివారు. దిద్దేవాళ్ళు లేరు.

ఇట్లు,
కేటాయింపు గుమస్తా

తా.క. పిన్నిగారు బతికే ఉన్నారని హాల్లో చెప్పాను. అందరూ సంతోషించారు. కండక్టరు గారొక్కరే, అలాగైతే తన రెండు నిమిషాలు తనకి తిరిగి ఇచ్చెయ్యమంటున్నారు. ఆయనకి మోకాళ్ళ నొప్పి, నిలబడటం కష్టమట.

*

కేటాయింపు గుమస్తా గారికి,

అమ్మా,

కప్పు కారుతోందని రాశారు. ఈ వేసవిలో ఇంతవరకు చినుకు పడలేదు. కారుతున్నట్టు మీకెలా తెలిసింది? నన్ను మభ్యపెట్టాలనుకుంటే ముందు ఆకాశం చూసి రాయండి.

కొండ మీద ఇంకో నివాసాలవాళ్ళున్నారు. అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య పెద్ద ఖాళీ ఉంటుందట. బస్సు లేదు, హాలు లేదు, బెంచీ లేదు, కండక్టరు లేడు. వాళ్ళ కరపత్రంలో తప్పు ఒక్కటే ఉంది, అదీ కామా. మీరు వారం లోపల తోట చివరి ఇల్లు ఇవ్వకపోతే నేను కొండెక్కేస్తాను.

మా ఆవిడ ధోరణి నాకు అంతుపట్టడం లేదు. హాలు పక్కనే కావాలని పట్టుబడుతోంది. పైగా ఈ వయసులో నన్ను బడిలో వేసింది. కుక్కరు విజిల్ వేస్తే ఏం చెయ్యాలో నేర్పింది. మొన్న నా చేత చొక్కా బొత్తాం కుట్టించింది. అది పక్క కాజాకి ఎదురుగా పడింది. ఇంటినిండా చీటీలు అంటిస్తోంది. పొయ్యి దగ్గర ‘గ్యాసు కట్టెయ్యాలి, జాగర్త’ అని ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచి చెబుతున్నాను, అది ‘జాగ్రత్త’ అని. దిద్ది తిరిగి అంటించాను. మర్నాడు మందుల డబ్బా మీద మళ్ళీ ‘జాగర్త’.

ఇద్దరం కలిసి వెళ్ళే ఇంటికి నాకీ చదువంతా ఎందుకని అడిగితే, ‘ఎప్పుడైనా నేను టైలరు దగ్గరికి వెళ్తే’ అంటుంది. ఆ టైలరు ఇంకో ఊరి మనిషైతే ఈ చదువుకి అర్థముండేది.

ఇట్లు,
ప్రూఫ్ రీడరు

తా.క. అమ్మాయీ, అక్షరాలు వంకర పోతున్నాయి, నువ్వే కూడబలుక్కుని చదువుకో. ఈయన్ని కొండ ఎక్కనివ్వకు. ఈయన్ని ఎవరూ కదపకపోతే పలకరు. ఇప్పుడు కదపడానికి నేనున్నాను. ఆ ఇల్లు ఎవరికీ ఇవ్వకు. కండక్టరు గారిని బెంచీ మీంచి లేవనివ్వకు, పేపరు ఇంకాస్త తప్పుగా చదవమను. ఈసారి జిగురు సీసా పిండి డబ్బాలో పెట్టాను. వంటింట్లో అన్నీ నేర్పాను గానీ పిండి డబ్బా ఎక్కడుందో ఇంకా తెలియదు ఈయనకి.

*

ప్రూఫ్ రీడరు గారికి,

మీరన్నది నిజమే, కప్పు కారడం లేదు. ఇంకేమీ రాయలేను. కొండ మీది ఇంటికి మాట ఇచ్చేముందు పిన్నిగారిని తీసుకుని ఒక్కసారి ఇక్కడికి రండి. కారు పంపిస్తాను. ఆవిడ మెట్లు దిగలేకపోతే ఇద్దరు మనుషులని కూడా పంపిస్తాను. వీలైనంత తొందరగా రండి.

ఇట్లు,
కేటాయింపు గుమస్తా

తా.క. ఆ ఇల్లు ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వను.

*

కేటాయింపు గుమస్తా గారికి,

అమ్మా,

మా ఆవిడ పోయింది. ఈసారి మీరెలా అర్థం చేసుకున్నా తప్పులేదు.

మీ కారు వచ్చేసరికే మేం ఆస్పత్రిలో ఉన్నాం. ఆవిడ కాగితాలు చూసి డాక్టరు, ‘మీకు చెప్పలేదా?’ అని నన్నే అడిగాడు. అక్కడ నర్సుకి తెలుసు, మందుల కొట్టువాడికి తెలుసు. పక్కన పడుకునే నాకే తెలియలేదు. అక్షరం కింద వత్తు తప్పితే కనిపెట్టే కళ్ళు ఇవి. మనిషి చిక్కిపోతుంటే టైలరుని తిట్టాను.

ఇక నాకు ఇల్లు అక్కర్లేదు. హాలు పక్కదీ వద్దు, తోట చివరదీ వద్దు, కొండ మీదదీ వద్దు. ఈ మూడో అంతస్తు చాలు. మెట్లు దిగాల్సిన పనేమీ లేదు. నా పేరు కొట్టెయ్యండి.

ప్రూఫ్ రీడరు

*

బాబాయిగారికి,

నమస్కారం. కోప్పడినా ఫరవాలేదు, ఇప్పుడు చెప్పాలి.

నాకు తెలుగు బాగానే వచ్చు. ‘చూసి పోయింది’ అని మీరు మొదట రాసినప్పుడు నేను తెలియక పొరబడలేదు. పిన్నిగారి జబ్బు సంగతి నాకు ముందే తెలుసు, అందుకే ఆ మాట అలా చదివాను. ఆవిడ ఇక్కడికి వచ్చింది ఆ ఒక్క మంగళవారమే కాదు. టైలరు దగ్గరికని మీతో చెప్పి చాలాసార్లు వచ్చారు. జాకెట్లు వదులైన మాట మాత్రం నిజం.

మొదటి రోజే ‘ఇల్లు ఒక్కరికి సరిపోతే చాలమ్మా’ అన్నారు. ఎవరికని అడిగితే మీ గురించి చెప్పారు. నవ్వించి నవ్వించి చెప్పి, చివర్లో తన సంగతి చెప్పారు. మీకు చెప్పనని నా చేత మాట తీసుకున్నారు. ‘తెలిస్తే ఇల్లు చూడరు, నన్ను చూస్తూ కూర్చుంటారు’ అన్నారు.

ప్రతి ఇంట్లోనూ కాసేపు కూర్చుని చూశారు. మీరు అడుగుతారని తోట చివరి ఇల్లు కూడా చూశారు. లోపల తలుపేసుకుని కూర్చుని, బయటికి వచ్చి, ‘ఇందులో పెడితే నెల తిరక్కుండా మాటలు మర్చిపోతారు’ అన్నారు. హాలు పక్కింట్లో కిటికీ తీసి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పళ్ళేల చప్పుడు, కుర్చీల చప్పుడు, పేపరు కోసం పోట్లాట, కండక్టరు గారి చదువు అన్నీ వినబడ్డాయి. అప్పుడు నవ్వి, ‘ఇదే. ఈయన రోజూ తలుపు తీసి ఎవరో ఒకరిని కసురుకుంటారు. కసురుకున్నంత కాలం బాగుంటారు’ అన్నారు.

మీ ఉత్తరాల్లో రెండు ఇందులో పెడుతున్నాను. వాటి చివర ఏముందో మీరు చూడలేదు. ఇప్పుడు చూడండి.

ఇట్లు,
కేటాయింపు గుమస్తా

తా.క. మీ పేరు కొట్టెయ్యలేదు. ఉద్యోగం పోయినా కొట్టెయ్యను.

*

అమ్మాయీ,

మూడు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. తర్వాత ఆవిడ మీద కోపం వచ్చింది. ఇంట్లో లేని మనిషి మీద కోపం నిలవదు. కసురుకుందామని వంటింట్లోకి వెళితే అక్కడ చీటీలే ఉన్నాయి. నిలబడి ఏడ్చాను.

పెళ్ళయింది మొదలు నా కన్ను కప్పి ఒక్క అక్షరం దాటదని విర్రవీగాను. నా ఉత్తరాల్లోనే నేను రాయని మాటలు నీ దాకా వచ్చాయి. రెండూ పదేపదే చదివాను. తప్పులు ఉన్నాయి. దిద్దలేదు. గోడ మీద చీటీల్లో ఇదివరకు దిద్దినవి కూడా తుడిచేసి ‘జాగర్త’ అనే ఉంచాను. వచ్చేటప్పుడు వాటిని తెచ్చుకుంటాను, ఆ హాలు పక్కింట్లో వంటింటి గోడ ఖాళీగా ఉంచు.

కండక్టరు గారితో ఒక మాట చెప్పు. ఆయన తన రెండు నిమిషాలు తిరిగి అడిగారు కదా, అవి చెల్లిపోయాయి. ఇంకోసారి నిలబడక్కర్లేదు. ఇంకో మాట, ‘విస్తరణ’ని ‘విస్తరాకు’ అని చదివే మనిషిని ఇన్నాళ్ళూ మీరంతా ఎలా భరించారో నాకు అర్థం కావడం లేదు. నేను వచ్చేదాకా పేపరు ముట్టుకోవద్దను.

ఇట్లు,
బాబాయి

తా.క. ఈ చోటు ఆవిడది. జిగురు సీసా పిండి డబ్బాలోనే దొరికింది, అయినా కాసేపు కవరు అంటించకుండా బల్ల మీద వదిలేసి అవతలికి వెళ్ళి వచ్చాను. ఎవరూ ఏమీ రాయలేదు. కాబట్టి నేనే రాస్తున్నాను. ఆవిడ ఇల్లు చూసి పోయింది. నేను చూడకుండానే వస్తున్నాను.